ఎండ కంటే గాలి ముఖ్యం: నెల్లూరు, ఒంగోలు తీరాల్లో పన్నెండు నెలల ఉష్ణోగ్రతలు

నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలో మైపాడు ఉంది, ఒంగోలుకు ఇరవై కిలోమీటర్ల లోపే కొత్తపట్నం ఉంది. ఈ రెండింటి నడుమ కావలి వైపు తుమ్మలపెంట, సింగరాయకొండ వైపు పాకల ఉన్నాయి. సెలవు దొరికితే సముద్రం చూడాలనుకునే కుటుంబాలన్నీ ఈ తీరానికే వస్తాయి. ఏ నెలలో వస్తే ఎండ తట్టుకోగలం అన్నది వాళ్లలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న. దీనికి మామూలుగా దొరికే జవాబు ఒక సగటు అంకె. నెల్లూరులో పగటి గరిష్ఠాలు, రాత్రి కనిష్ఠాలు అన్నీ కలిపి ఏడాదికి సగటు కడితే 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర తేలుతుంది. లెక్క తప్పు కాదు గానీ, ఆ అంకె ఎవరికీ ఉపయోగపడదు. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలు, మే మధ్యాహ్నం 40 డిగ్రీలు రెండూ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోయి ఉన్నాయి. పైగా ఒకే నెలలో, ఒకే రకమైన ఎండలో, పక్కపక్క రోజుల్లో ఐదారు డిగ్రీల తేడా ఎందుకు వస్తుందో అది చెప్పదు. ఆ తేడాకు కారణం గాలి. ఈ తీరంలో ఏ రోజు ఎంత వేడిగా ఉంటుందో తేల్చేది సూర్యుడి కంటే ఎక్కువగా, గాలి తూర్పు నుంచి వస్తోందా పడమర నుంచి వస్తోందా అన్న విషయమే.

ముందుగా సూర్యుడి సంగతి. మైపాడు దాదాపు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కొత్తపట్నం 15.5 డిగ్రీలకు కొంచెం దిగువన ఉన్నాయి. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న అన్ని చోట్లలాగే ఇక్కడ కూడా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మొదటిది ఏప్రిల్ ఆఖరు, మే మొదటి రోజుల్లో, రెండోది ఆగస్టు రెండో వారంలో. డిసెంబరు 21 నాటికి కూడా మధ్యాహ్న సూర్యుడు క్షితిజం నుంచి 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి, ఉత్తర భారతంలో కనిపించే ఏటవాలు చలికాలపు ఎండ ఇక్కడ ఉండదు. పగటి పొడవు కూడా పెద్దగా మారదు. జూన్‌లో సుమారు 13 గంటలు, డిసెంబరులో పదకొండుంబావు గంటలు. ఎండే సర్వం అయితే ఆగస్టు రెండో వారం మే మొదటి వారంతో సమానంగా మండాలి. కానీ నెల్లూరులో మే సగటు గరిష్ఠం 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే ఆగస్టులో అది 35 దగ్గరే ఆగిపోతుంది. మబ్బు, నేలలోని తడి, గాలి దిక్కు కలిసి ఈ ఐదు డిగ్రీల తేడాను తెస్తాయి.

ఇక సముద్రం. నీరు వేడెక్కడానికి, పొడి ఇసుక వేడెక్కడానికి చాలా తేడా ఉంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన శక్తిలో ఐదో వంతు చాలు, అదే బరువున్న పొడి ఇసుక అంతే వేడెక్కడానికి. ఇసుకలో ఎండ పైపొరలోనే ఆగిపోతుంది, నీటిలో మాత్రం లోపలికి దిగుతుంది, అలలు దానిని ఇంకా కిందికి కలుపుతాయి. అందువల్ల మే మధ్యాహ్నం మైపాడు ఇసుక పైపొర 50 డిగ్రీలు దాటిపోయినా, పదడుగుల అవతల నీరు 30 దగ్గరే ఉంటుంది. చెప్పులు విప్పి నీళ్ల వైపు పరుగెత్తే పిల్లలకు ఈ తేడా అరికాళ్లతోనే తెలుస్తుంది. ఏడాది మొత్తం మీద ఈ తీరపు నీటి ఉష్ణోగ్రత జనవరిలో 26, 27 డిగ్రీల నుంచి ఏప్రిల్, మే నెలల్లో 30 డిగ్రీల వరకు మాత్రమే మారుతుంది. నేల పగలంతా పెరిగి రాత్రికి దిగుతుంది, సముద్రం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. గాలి కదలడానికి ఈ తేడాయే మూలం.

వేసవిలో ఒక మామూలు రోజు ఇది ఎలా పని చేస్తుందో మైపాడు ఒడ్డున నిలబడితే కళ్లారా చూడవచ్చు. ఉదయం తొమ్మిది గంటలకు గాలి పడమటి నుంచి సన్నగా వీస్తుంటుంది. ఒడ్డుకు చేర్చిన పడవల మీద గుర్తుగా కట్టిన గుడ్డముక్కలు సముద్రం వైపు ఎగురుతుంటాయి. పదిన్నరకు ఆ గాలి కూడా ఆగిపోతుంది, సరుగుడు తోపులో చప్పుడు ఉండదు, ఉక్క మొదలవుతుంది. ఒక్క అరగంట సేపు తీరంలో అన్నిటికంటే కష్టమైన సమయం అదే. ఆ తరువాత దూరంగా నీటి మీద ముదురు రంగు గీత ఒకటి కనిపిస్తుంది. అది గాలి తాకి నీరు చిన్న చిన్న ముడతలు పడిన చోటు. గీత ఒడ్డుకు చేరగానే గుడ్డముక్కలు ఊరి వైపు తిరుగుతాయి, సరుగుడు ఒక్కసారిగా హోరెత్తుతుంది. 37, 38 డిగ్రీల దగ్గర ఉన్న వేడి గంట తిరగకముందే మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది. అందుకే లోపలి ఊళ్లలో గరిష్ఠ ఉష్ణోగ్రత మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో నమోదైతే, ఒడ్డున అది పన్నెండుకు ముందూ వెనుకా నమోదై అక్కడి నుంచి తగ్గుముఖం పడుతుంది.

ఈ సముద్రపు గాలి లోపలికి నడిచి రావాలి. గంటకు పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో అది సాగుతుంది కాబట్టి ఒడ్డున పదకొండున్నరకు మొదలైన గాలి నెల్లూరు పట్టణానికి చేరేసరికి ఒంటిగంటో రెండో అవుతుంది. ఈ లోపు పట్టణం వేడెక్కవలసినంతా వేడెక్కి ఉంటుంది. నెల్లూరు, మైపాడు మధ్య వేసవి గరిష్ఠాల్లో కనిపించే తేడాకు ప్రధాన కారణం ఈ ఆలస్యమే. మధ్యలో ఉన్న పొలాల స్థితి కూడా కొంత పాత్ర వహిస్తుంది. పెన్నా డెల్టాలో వరికోతలు మార్చి, ఏప్రిల్ నాటికి అయిపోతాయి. ఎడగారుకు, అంటే వేసవిలో వేసే రెండో పంటకు, నీళ్లిచ్చిన ఏడాది పొలాలు మళ్లీ పచ్చబడి, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. నీళ్లివ్వని ఏడాది, బీటలు వారిన మాగాణి పగలంతా వేడిని గుంజుకుని సాయంత్రం దాకా వెదజల్లుతుంది. సోమశిల జలాశయంలో నీరు ఎంత ఉందన్నది నెల్లూరు, మైపాడు మధ్య ఇందుకూరుపేట దారిలో వెళ్లేవాడి ఒంటికి కూడా తెలిసే విషయం.

అన్ని రోజులూ సముద్రపు గాలి ఇంత సులువుగా ఒడ్డెక్కదు. ఈ తీరం మొత్తానికి అసలు కష్టం అక్కడే ఉంది. కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా తీరరేఖ దాదాపు నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. పడమర నుంచి వీచే గాలి ఇక్కడ నేల మీదుగానే వచ్చి సముద్రంలోకి పోతుంది. బాపట్ల దాటాక తీరం ఈశాన్యానికి మలుపు తిరుగుతుంది కాబట్టి, విశాఖపట్నం చేరేసరికి నైరుతి గాలి తీరం వెంబడి, కొంత సముద్రాన్ని తాకుతూ వీస్తుంది. విశాఖ తీరంలో మే సగటు గరిష్ఠం 35 దరిదాపుల్లో ఉంటే నెల్లూరులో 40 దరిదాపుల్లో ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. రెండూ సముద్రతీర పట్టణాలే, రెండింటి ముందూ ఉన్నది ఒకే బంగాళాఖాతం. సముద్రం పక్కన ఉంటే చల్లగా ఉంటుందనే మాట అందువల్ల సగమే నిజం. తీరం ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఆ నెలలో గాలి ఏ దిక్కు నుంచి వస్తుంది అన్నవి కూడా చూసుకోవాలి.

పడమటి గాలి ఇక్కడికి చేరేసరికి వేడెక్కి, ఎండిపోయి ఉండటానికి దాని దారి కారణం. అరేబియా సముద్రం నుంచి తెచ్చుకున్న తేమను పడమటి కనుమల మీద వదిలి, దక్కను పీఠభూమి మీద ఎండలో కాగి, చివరికి నల్లమల, వెలిగొండల మీద నుంచి కోస్తా మైదానంలోకి దిగుతుంది. గాలి కిందికి దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి, ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో తేమ శాతం ఇంకా పడిపోతుంది. వడగాడ్పు అంటే ఈ గాలే. కనిగిరి, ఉదయగిరి వైపు మెట్టప్రాంతాలు దానికి మొదట ఎదురవుతాయి, ఆ తరువాత ఒంగోలు, కావలి, నెల్లూరు. గాలి బలంగా ఉన్న రోజు అది సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే నిలబెట్టేస్తుంది. అటువంటి మధ్యాహ్నాల్లో కొత్తపట్నం ఇసుక మీద నిలబడ్డా ముఖానికి సెగ కొడుతుంది, సముద్రం కళ్ల ముందే ఉన్నా చల్లదనం ఒడ్డెక్కదు. మూడు, నాలుగు గంటలకు ఎప్పుడో సముద్రపు గాలి గెలిస్తే సాయంత్రం బతుకుతుంది. గెలవని రోజు రాత్రి పది దాటినా గోడలు వేడిగానే ఉంటాయి.

మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా ఉండే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నది ఈ పడమటి గాలి బలపడే కాలాన్ని చూసే. సూర్యుడు నడినెత్తి మీద నుంచి ఉత్తరానికి జరిగిపోయి అప్పటికి మూడు వారాలు దాటి ఉంటుంది. అయినా వేడి తగ్గక పెరుగుతుంది. 2015 మే ఆఖరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలైనప్పుడు, ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. చనిపోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పని చేయక తప్పని కూలీలు. తీరం ఉన్న జిల్లాలో అంతమంది చనిపోవడం చాలామందికి అర్థం కాలేదు. పడమటి గాలి వీచినంత కాలం తీరం ఉండటం వల్ల రక్షణ ఏమీ దొరకదన్నది ఆ వేసవి చాలా ఖరీదుగా నేర్పిన విషయం.

తుపాన్ల పాత్ర ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వేసవి తుపాను వస్తే చల్లబడుతుందని జనం ఆశపడతారు. తుపాను ఈ తీరానికే వస్తే ఆ ఆశ నిజమవుతుంది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నడివేసవిలోనే ప్రకాశం జిల్లాలో కుండపోత కురిసి వేడి ఒక్కసారిగా దిగింది. తుపాను ఈ తీరాన్ని వదిలి ఈశాన్యంగా బెంగాల్ వైపో మయన్మార్ వైపో వెళితే మాత్రం ఫలితం తారుమారవుతుంది. తుపాను చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి, దాని ఎడమవైపున ఉండిపోయిన కోస్తా ఆంధ్ర మీదికి వాయవ్యం నుంచి, పడమర నుంచి పొడిగాలిని లాగుతుంది. అంతవరకు తీరం మీద ఉన్న తేమ కూడా దానితో పోతుంది, మబ్బు ఉండదు, సముద్రపు గాలి రాదు. 2023 మే 14న మోచా తుపాను మయన్మార్ తీరం దాటిన రోజుల్లో కోస్తా ఆంధ్ర మండిపోయింది ఇందువల్లనే. కాబట్టి మే నెలలో తుపాను వార్త విన్నప్పుడు అది ఎటు వెళుతుందో చూడనిదే మైపాడు ప్రయాణం ఖాయం చేసుకోవడం మంచిది కాదు.

జూన్ గురించి ఇంకో అపోహ ఉంది. కేరళలో రుతుపవనాలు ప్రవేశించాయనగానే ఇక్కడ కూడా వేసవి అయిపోయిందనుకుంటారు. ముంబయిలో, మంగుళూరులో అది నిజం. ఇక్కడ నైరుతి రుతుపవనం అంటే పడమటి గాలి మరింత బలపడటం. అది తెచ్చే వాన కనుమలకు ఆవలే కురిసిపోతుంది, మనకు మిగిలేది ధూళి, వేడి. నెల్లూరులో జూన్ సగటు గరిష్ఠం 38 దగ్గర ఉంటుంది, మేతో పోలిస్తే రెండు డిగ్రీలే తక్కువ. మృగశిర వచ్చినా ఒక్క జల్లు కురవని ఏళ్లు ఈ తీరానికి కొత్త కాదు. జులైలో 36, ఆగస్టులో 35, సెప్టెంబరులో 34, ఇలా మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గుతుంది. ఈ మూడు నెలల్లో సాయంత్రాలు కొన్ని ఉరుములతో, అరగంట వానతో చల్లబడతాయి. పగలు వేడెక్కిన నేల మీద సముద్రపు గాలి, పడమటి గాలి ఎదురుపడిన చోట మేఘం పైకి లేవడం వల్ల ఆ వానలు పడతాయి. ఒక ఊరిలో కురిసి పక్క ఊరిని వదిలేసే వానలివి.

ఇంతవరకు చెప్పినవన్నీ నీడలో కొలిచిన గాలి ఉష్ణోగ్రతలు. ఒంటికి తెలిసే వేడి దానితో సరిపోలదు, తీరంలో అసలే సరిపోలదు. సముద్రపు గాలి ఉష్ణోగ్రతను తగ్గిస్తూనే తేమను మోసుకొస్తుంది. 32 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 70 శాతం ఉంటే, అమెరికా వాతావరణ సంస్థ వాడే వేడి సూచీ ప్రకారం శరీరానికి అది 41 డిగ్రీల వేడిలా తగులుతుంది. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు కాబట్టి నీడలో కూర్చున్నా అలసట తీరదు. దీనికి భిన్నంగా పడమటి గాలి రోజున 41 డిగ్రీలున్నా చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. అప్పుడు ప్రమాదం ఉక్క కాదు, దాహం తెలియకుండానే ఒంట్లో నీరు ఇంకిపోవడం. రెండు రకాల వేడికీ రెండు రకాల జాగ్రత్త కావాలి. మొదటిదానికి గాలి ఆడే చోటు, రెండోదానికి గాలికి అడ్డు, తాగడానికి నీళ్లు.

రాత్రుల సంగతి ఇంకా తక్కువగా చర్చకు వస్తుంది. మే, జూన్ నెలల్లో నెల్లూరు సగటు కనిష్ఠం 28 డిగ్రీలు. తీరంలో గాలి నిండా తేమ ఉన్నప్పుడు ఆ తేమ మంచుబిందువుగా మారే ఉష్ణోగ్రత 25, 26 దగ్గర ఉంటుంది కాబట్టి, రాత్రి ఉష్ణోగ్రత అంతకంటే కిందికి దిగలేదు. నేల నుంచి ఆకాశంలోకి పోవలసిన వేడిని కూడా గాలిలోని నీటి ఆవిరి కొంత అడ్డుకుంటుంది. పగలు ఎండలో పని చేసిన మనిషి శరీరం తిరిగి కోలుకోవలసింది రాత్రి పూటే. రేకుల ఇంట్లో 31, 32 డిగ్రీల ఉక్కలో నిద్రలేకుండా గడిపిన రాత్రి తరువాత వచ్చే పగలు, అంకె ఒకటే అయినా, ముందు రోజు కంటే ఎక్కువ ప్రమాదకరం. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు, తీరప్రాంతాల్లో 37 డిగ్రీలు దాటి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాడ్పుగా పరిగణిస్తుంది. మే సాధారణమే 40కి చేరువగా ఉన్న చోట ఈ లెక్కన 44 దాటితే తప్ప వడగాడ్పు కాదు. తేమతో కూడిన 41 డిగ్రీల రోజు, 29కి దిగని రాత్రి ఆ నిర్వచనం బయటే ఉండిపోతాయి. జనం ప్రాణాల దృష్టితో చూస్తే ఇది పెద్ద లోటు.

అక్టోబరు మూడో వారంలో గాలి తిరుగుతుంది. ఈశాన్య రుతుపవనాలు కోస్తా ఆంధ్ర దక్షిణ భాగాన్ని తాకే సాధారణ సమయం అక్టోబరు 20 ప్రాంతం. ఇప్పుడు గాలి సముద్రం మీదుగా నేల మీదికి వస్తుంది కాబట్టి ఆట మొత్తం మారుతుంది. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో కురిసే సుమారు 1,080 మిల్లీమీటర్ల వానలో అరవై శాతం ఈ మూడు నెలల్లోనే పడుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఈ వాటా తగ్గుతుంది. ప్రకాశంలో నైరుతి, ఈశాన్యం దాదాపు సమానంగా పంచుకుంటాయి, మొత్తం కూడా 870 మిల్లీమీటర్ల దగ్గరే. అక్టోబరులో 32 ఉన్న సగటు గరిష్ఠం నవంబరుకు 30కి, డిసెంబరుకు 29కి వస్తుంది. ముసురు పట్టిన రోజు పగలు 27, రాత్రి 23గా, నాలుగే డిగ్రీల తేడాతో గడిచిపోతుంది. వేడి దృష్టితో ఇది హాయిగా కనిపించినా సముద్రం దృష్టితో అత్యంత ప్రమాదకరమైన కాలం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ అన్నీ ఈ రోజుల్లోవే. కార్తీక పౌర్ణమికి వేలమంది సముద్ర స్నానానికి దిగేదీ ఈ రోజుల్లోనే. ఆ రోజు నీరు వెచ్చగా, 28 డిగ్రీల దగ్గర, పిల్లలు కూడా భయపడకుండా దిగేంత హాయిగా ఉంటుంది. ఆకాశం తెరిపిగా ఉన్నా దూరంలో ఉన్న వాయుగుండం వల్ల అలల కింద లాగుడు బలంగా ఉండవచ్చు కాబట్టి నీటి వెచ్చదనాన్ని చూసి లోతుకు పోకూడదు.

జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ తీరానికి నిజంగా మంచి రోజులు. వానలు వెనుదిరిగి ఉంటాయి, ఈశాన్య గాలి పలచబడి పొడిబారుతుంది, పగలు 30 దగ్గర, తెల్లవారుజాము 20, 21 దగ్గర ఉంటాయి. ఈ కాలంలో ఒడ్డుకు, లోపలి ఊళ్లకు తేడా తలకిందులవుతుంది. మధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున తేడా కనిపిస్తుంది. సముద్రం పక్కన ఉన్న గాలి నీటి వెచ్చదనం వల్ల పెద్దగా చల్లబడదు. తడి పొలాల మధ్య ఉన్న ఊళ్లలో మాత్రం రాత్రి గాలి నేల మీద చల్లగా పేరుకుని రెండు మూడు డిగ్రీలు తక్కువకు దిగుతుంది, పొగమంచు పడుతుంది. తెల్లవారకముందే నేల మీద నుంచి సముద్రంలోకి వీచే చల్లటి గాలి మీద వేటపడవలు బయలుదేరేవి, ఇంజన్లు లేని రోజుల్లో తెరచాపకు అదే ఆధారం. సూర్యోదయం జనవరి చివర ఆరున్నర దాటాక గానీ కాదు కాబట్టి, సముద్రంలో సూర్యుడు లేవడం చూడాలనుకునే కుటుంబాలు పిల్లల్ని అర్ధరాత్రి లేపవలసిన పని లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఆ తరువాత పగటి వేడి వారం వారం పెరగడం మొదలవుతుంది.

మార్చి, ఏప్రిల్ నెలలు మోసం చేసే నెలలు. మార్చిలో సగటు గరిష్ఠం 35, ఏప్రిల్‌లో 37 దాటుతుంది. అయినా దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి పైరగాలి సాయంత్రాలను చల్లగా ఉంచడం వల్ల ఒడ్డున వేడి తెలియదు. పరీక్షలు అయిపోయి పిల్లలకు సెలవులిచ్చేది ఏప్రిల్ ఆఖరులో, అంటే సూర్యుడు నడినెత్తికి వచ్చే రోజుల్లోనే. గాలి చల్లగా తగులుతున్నప్పుడు చర్మం కాలుతున్న సంగతి ఇంటికి చేరాక గానీ తెలియదు. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత అన్న నియమం ఈ రెండు నెలలకు సరిపోతుంది. మే, జూన్ నెలలకు సాయంత్రం ఐదున్నర అని మార్చుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఆ నిషేధం, అనుకోకుండా, మత్స్యకారులు అతి తీవ్రమైన ఎండలో సముద్రం మీద ఉండకుండా కూడా చూస్తోంది. అయితే ఆ రెండు నెలలు వాళ్లలో చాలామంది భవన నిర్మాణ కూలికి వెళ్లవలసి రావడంతో ఆ మేలు సగం చేజారిపోతోంది.

ఈ వేడి మీదే బతికే పనులు కూడా ఉన్నాయి. ఇసకపల్లి, కనుపర్తి వైపు ఉప్పు మడుల్లో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పంట తీస్తారు. తేమతో కూడిన సముద్రపు గాలి కంటే పొడి పడమటి గాలి వాళ్లకు మేలు, ఉప్పునీరు అప్పుడే త్వరగా ఆవిరై గల్లు కడుతుంది. ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్లకూ అంతే. రొయ్యల రైతుకు లెక్క వేరు. వనామీ రకం రొయ్యకు నీరు 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే మేత బాగా తింటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చెరువు నీరు 25కు దిగితే మేత తగ్గిస్తుంది, తెల్లమచ్చ వైరస్ తలెత్తే అవకాశం పెరుగుతుంది. పర్యాటకుడికి ఏడాదిలోకెల్లా హాయిగా ఉండే వారాలు రొయ్యల రైతుకు నిద్రపట్టని వారాలు.

ఫోనులో మైపాడు అని కొట్టగానే వచ్చే అంకె మీద చాలామంది ఆధారపడుతున్నారు. ఆ అంకె సాధారణంగా మైపాడులో ఎవరో కొలిచింది కాదు. ప్రపంచ స్థాయి నమూనాలు భూమిని పది కిలోమీటర్ల అటూ ఇటూ ఉండే గళ్లుగా విభజించి లెక్క కడతాయి. తీరంలో ఒక గడిలో సగం నేల, సగం సముద్రం పడితే వచ్చేది ఆ రెండింటి సగటు. అది ఇసుక మీద వేడీ కాదు, పట్టణంలో వేడీ కాదు. వాతావరణ శాఖ కేంద్రాలు ఒంగోలులో, కావలిలో, నెల్లూరులో ఉన్నాయి. ఆ కొలతల్ని తీసుకుని, గాలి తూర్పు నుంచి ఉంటే ఒడ్డున మూడు నాలుగు డిగ్రీలు తగ్గించుకోవడం, పడమర నుంచి ఉంటే ఏమీ తగ్గించుకోకపోవడం ఫోను అంకె కంటే నమ్మదగిన పద్ధతి. బులెటిన్‌లో ఉష్ణోగ్రత పక్కనే గాలి దిక్కు కూడా ఉంటుంది, చూసే అలవాటే లేదు.

ఈ లెక్కలేవీ స్థిరంగా ఉండేవి కావు. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం 1951 నుంచి 2015 లోపు సగటున ఒక డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన నివేదిక తేల్చింది. ఒక డిగ్రీ అంటే చిన్నదిగా కనిపిస్తుంది. కానీ తీరానికి చల్లదనం ఇచ్చేదే సముద్రం. అది వేడెక్కినంత మేర సముద్రపు గాలి మోసుకొచ్చే తేమ పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, రాత్రి కనిష్ఠాలు పైకి జరుగుతాయి. రాబోయే వేసవుల్లో ఈ తీరంలో ముందుగా కష్టపడేది మధ్యాహ్నం నలభై రెండు చూసినవాళ్లు కాదు, రాత్రి ఇరవై తొమ్మిదిలో నిద్రపోలేనివాళ్లు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల మే, జూన్ నెలల్లో కనీసం సరుగుడు తోపు అంచున నీడ, తాగునీరు, ఆ పూట గాలి దిక్కునూ తేమనూ చూపే ఒక బోర్డు ఉండాలి. వడగాడ్పు హెచ్చరికల్లో పగటి గరిష్ఠంతో పాటు రాత్రి కనిష్ఠాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఉపాధి హామీ పనులు, భవన నిర్మాణ పనులు, ఉప్పు మడుల పనులు తెల్లవారుజాముకు జరపవలసిన రోజులేవో మండలం వారీగా ముందు రోజే ప్రకటించాలి.